తొంభై అయిదు గొలుసుల నలభై లింకులు

యాకోబు ఎవరింటికి వెళ్ళినా కూర్చునేలోపే ఆ వసారా పొడుగెంతో తేల్చేస్తాడు. టేపూ గీపూ ఏమీ ఉండదు. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి, ఎడమ కన్ను కాస్త మూసి, "పదకొండున్నర" అంటాడు. అనుమానమున్నవాళ్ళు టేపు పెట్టి చూసుకుంటే పదకొండున్నర అడుగులే ఉంటుంది. నలభై రెండేళ్ళ కిందట మోపిదేవి పక్కనున్న పల్లెకి పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడూ ఇదే నిర్వాకం. పిల్ల కాఫీ గ్లాసు పట్టుకొచ్చి నిలబడితే, ఈయన చూపు అరుగు మీద ఉంది. "నన్ను చూడ్డానికొచ్చాడా, మా అరుగు బేరమాడ్డానికొచ్చాడా అనుకున్నాను" అని ఆయన భార్య దయామణి ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఆమె చెప్పిన ప్రతిసారీ పక్కనుంచి యాకోబు, "తొమ్మిదడుగుల మూడంగుళాలు" అని గొణుగుతాడు.

ఆయన సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చైన్‌మన్ అంటే భూమి కొలిచే వంద లింకుల గొలుసు లాగే మనిషి. సర్వేయరు కాగితం మీద గీసే ప్రతి గీతనూ ముందుగా నేల మీద ఎవడో ఒకడు ఒళ్ళు వంచి లాగాలి కదా, ఆ ఒకడన్నమాట. నలభై ఏళ్ళపాటు అవనిగడ్డ నుంచి సముద్రపు ఒడ్డుదాకా యాకోబు కాలికి అంటని బురద లేదు. మ్యాపు కింద సర్వేయరు సంతకం ఉంటుంది, పై అధికారి సంతకం ఉంటుంది, గొలుసు లాగినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. లోకమే అంత. దానికి యాకోబు ఏనాడూ ముఖం చిన్నబుచ్చుకోలేదు. ఆయన ముఖం చిన్నబోయింది మాత్రం ఊరి మీదికి డ్రోన్ వచ్చిన రోజున.

రీసర్వే అని వచ్చారు. తూనీగలాంటి యంత్రమొకటి పొలాల మీద గంటసేపు తిరిగి ఊరు మొత్తాన్నీ ఫొటో తీసుకుని పోయింది. ఆ తర్వాత పూర్ణిమ అనే సర్వేయరమ్మాయి ఒక నిలువెత్తు కర్ర పట్టుకుని వచ్చింది. దాన్ని రోవర్ అంటారు. కర్ర చివర బోర్లించిన గిన్నెలాంటిది ఉంటుంది, అది ఆకాశంలోని శాటిలైట్లతో మాట్లాడుతుంది. కర్ర నేల మీద ఆనించి నిమిషం ఆగితే, భూగోళం మీద ఆ చోటు ఎక్కడుందో రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో చెప్పేస్తుంది. యాకోబు, ఆయన జతగాడూ వారం రోజులు ఎండలో కొలిచేదాన్ని ఆ అమ్మాయి పూటలో తేల్చేసింది.

"ఆకాశం నించి చూస్తే నేల సంగతి ఏం తెలుస్తుందే?" అన్నాడు యాకోబు ఇంటికొచ్చి.

"దేవుడు కూడా ఆకాశం నించే చూస్తున్నాడుగా. ఆయనకి తెలియట్లేదంటావా?" అంది దయామణి. యాకోబు ఆ పూట అన్నంలో పచ్చడి ఎక్కువ కలుపుకున్నాడు.

అంతటితో ఆగిపోతే ఈ కథే లేదు. పల్లె అంచున క్రైస్తవుల సమాధుల తోట ఉంది. దాని అవతల గోవర్ధనరావుగారి పొలం. మూడేళ్ళ కిందట పల్లెవాళ్ళు తోట చుట్టూ గోడ కట్టుకున్నారు. ఆ గోడ తన పొలంలోకి జరిగిందని గోవర్ధనరావుకు అనుమానం. రీసర్వేలో అభ్యంతరం రాసిచ్చాడు. పూర్ణిమ పాత రికార్డు తెప్పించి, లెక్క కట్టి, రోవర్‌తో గుర్తు పెట్టింది. తీరా చూస్తే గీత గోడ దగ్గర పడలేదు. గోడ దాటి, తోటలోకి ముప్పై ఆరున్నర అడుగులు పోయి, సమాధుల నడుమ పడింది.

పొలం వైపున్న మొదటి మూడు వరసలూ ఆ గీతకు అవతలే. ఆ వరసల్లో పేర్లు లేవు, శిలువలు లేవు, పొడుగాటి దిబ్బలున్నాయంతే. డెబ్బై ఏడు నవంబరు ఉప్పెనలో పోయినవాళ్ళను, దొరికినవాళ్ళను దొరికినట్టు, అక్కడే పక్కపక్కన పడుకోబెట్టారు. యాకోబు వాళ్ళ నాన్న అక్కడే ఉన్నాడు. ఆయన చంకలో ఉండగా దొరికిన చెల్లెలు రాహేలు కూడా అక్కడే ఉంది. దానికప్పుడు అయిదేళ్ళు.

గోవర్ధనరావు చెడ్డవాడేం కాదు. కబురు విని ఆయనే పల్లెకి నడిచొచ్చాడు. "శవాల మీద రొయ్యల చెరువు తవ్వుకోవాలని నాకేం లేదయ్యా. అడుగో రెండడుగులో అనుకున్నాను. కానీ కాగితం నాదంటోందిగా. రేపు నా పిల్లలు ఊరుకుంటారా, కొన్నవాడు ఊరుకుంటాడా?" అన్నాడు. అన్న మాటలో అబద్ధం లేదు. మనిషి మంచితనం మనిషితో పోతుంది, మ్యాపులో పడ్డ గీత వందేళ్ళుంటుంది. పది రోజుల్లో మ్యాపు ఖాయం చేస్తారు. ఈలోపు ఆధారం చూపిస్తే సరే, లేకపోతే ఆ మూడు వరసలూ ఇంకొకరి పొలం.

పాస్టరు సాల్మన్ రాజు ప్రార్థన పెట్టించాడు. కుర్రాళ్ళు అర్జీ రాశారు. యాకోబు ఈ రెంటిలోనూ లేడు. రెండు రోజులు మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడిచేతి వేళ్ళతో గాలిలో దేన్నో తడుముతూ ఉన్నాడు. దయామణికి భయమేసింది. మూడోనాడు పొద్దున్నే లేచి, చొక్కా తొడుక్కుని, "బిళ్ళలు నున్నగా ఉన్నాయి. పళ్ళు లేవు" అన్నాడు.

"ఎవరికి పళ్ళు లేవు?"

"గొలుసుకి" అని చెప్పులేసుకుని గ్రామ సచివాలయానికి బయలుదేరాడు.

ఆ పళ్ళ సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఉప్పెన తీసిన మరుసటి ఏడు దివిసీమలో ఎవరి పొలం ఏదో ఎవరికీ తెలియదు. గట్లు లేవు, చెట్లు లేవు, హద్దురాళ్ళు బురదలో కూరుకుపోయాయి. మళ్ళీ కొలిచి రాళ్ళు పాతడానికి సోమేశ్వరరావు అనే సర్వేయరొచ్చాడు. తండ్రిని పోగొట్టుకుని, పని లేక గంజి కేంద్రం దగ్గర కూర్చున్న ఇరవై ఏళ్ళ యాకోబును చూసి, "నడవగలవా?" అని అడిగాడు. అదే ఇంటర్వ్యూ, అదే అపాయింట్‌మెంటు.

సోమేశ్వరరావుకు పనంటే పిచ్చి, మాటంటే అంతకన్నా పిచ్చి. గట్టు మీద అన్నం క్యారియరు విప్పి, రెండువందల ఏళ్ళ కిందట మద్రాసు పక్కన ఏడున్నర మైళ్ళ నేలని తెల్లవాళ్ళు గొలుసుతో ఎలా కొలిచారో, ఆ ఒక్క గీతని పట్టుకుని త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ హిమాలయాలదాకా ఎలా పోయారో చెప్పేవాడు. "ఆ మొదటి గీతలో అంగుళం తప్పితే హిమాలయం తప్పుతుందోయ్. అందుకని గొలుసు పట్టినవాడికి కులం ఉండకూడదు, చుట్టరికం ఉండకూడదు, ఆకలి కూడా ఉండకూడదు" అనేవాడు. ఆ చివరిమాట మాత్రం క్యారియరు ఖాళీ అయ్యాకే అనేవాడు.

రాయి పాతే ముందు ఆయనకొక ఆచారం ఉంది. గొయ్యి అడుగున తట్టెడు బొగ్గులు పోయించి, పైన కుండపెంకులు పరిపించి, దానిమీద రాయి నిలబెట్టేవాడు. "దివిసీమలో రాయి పుట్టదు. బట్టలుతుక్కోవడానికో, గడప ముందు వేసుకోవడానికో ఎవడో ఒకడు హద్దురాయి ఎత్తుకుపోతాడు. బొగ్గుల్ని ఎవడెత్తుకుపోతాడోయ్? అవి చెద పట్టవు, కుళ్ళవు" అనేవాడు. గంజి కేంద్రం పొయ్యిల్లోని బొగ్గులు తట్టకెత్తి మోసుకొచ్చింది యాకోబే.

ఇప్పుడు తగువు పడ్డది సరిగ్గా ఆ ఏడు పాతిన రాయి దగ్గరే. మూడూళ్ళ పొలిమేరలు కలిసేచోట, తోటకీ పొలానికీ మధ్యన పాతారు దాన్ని. ఎన్నో ఏళ్ళ కిందటే మాయమైంది. ఇవాళ ఎవరింట్లో బట్టలుతుకుతోందో తెలియదు. కాలువ లాకు గోడలో కట్టిన రాయి మాత్రం చెక్కు చెదరలేదు. ఆ లాకు రాయి నుంచి పొలాల మీదుగా తిన్నగా తొంభై అయిదు గొలుసుల నలభై లింకులు వస్తే మూడూళ్ళ రాయి అని సోమేశ్వరరావు రాసిన పుస్తకంలో ఉంది. పూర్ణిమ ఆ లెక్కే కట్టింది.

సచివాలయంలో ఆమె ముందు యాకోబు నిలబడి, "మేడమ్‌గారూ, గొలుసెంతని కట్టారు?" అని అడిగాడు.

"అరవై ఆరడుగులండీ. పాత పుస్తకాలన్నీ అంతేగా? అంటే ఇరవై మీటర్ల పదకొండున్నర సెంటీమీటర్లు, కాస్త పైన."

"అక్కడే తప్పింది. ఆ పాత గొలుసు ఉప్పెనకి ఆఫీసుతో పాటే కొట్టుకుపోయిందండి. మాకిచ్చింది కొత్తది, ఇరవై మీటర్లది. దానికీ వంద లింకులే. పుస్తకం పాతది కాబట్టి అయ్యగారు అందులో గొలుసులనీ లింకులనీ రాసేశారు. ఏ గొలుసో రాయలేదు."

"మీకెలా గుర్తుందండీ? నలభై ఏడేళ్ళయింది!"

యాకోబు కుడిచెయ్యి చాపి వేళ్ళు చూపించాడు. "పొలమంతా మోకాల్లోతు నీళ్ళు. గొలుసు కంటికి కనపడేది కాదు. వేళ్ళతో తడుముకుంటూ లెక్కపెట్టేవాణ్ణి. పాత గొలుసుకైతే పది లింకులకో ఇత్తడి బిళ్ళ, దానికి పళ్ళుంటాయి. నేను తడిమిన బిళ్ళలకి పళ్ళు లేవండి. నున్నటి బిళ్ళలు. మధ్యమధ్య చిన్న రింగులు. అది మీటర్ల గొలుసు."

పూర్ణిమ కాలిక్యులేటరు తీసింది. గొలుసుకు నాలుగున్నర అంగుళాల పైచిలుకు తేడా. తొంభై అయిదు గొలుసులకి ముప్పై ఆరున్నర అడుగులు. గీత తోటలోకి పోయిందీ సరిగ్గా అంతే కావడంతో, లెక్క మళ్ళీ ఒకసారి కొట్టి చూసింది. తర్వాత మెల్లగా, "బాబాయ్‌గారూ, మీ మాట నాకు నిజమే అనిపిస్తోంది. కానీ వేళ్ళకి గుర్తుందని నేను రిపోర్టు రాయలేను" అంది.

"రాయొద్దండి. తవ్వండి" అన్నాడు యాకోబు.

శుక్రవారం పొద్దున్న మూడూళ్ళ జనమూ అక్కడే ఉన్నారు. చల్లపల్లి నుంచి వచ్చే బస్సు కూడా రోడ్డు మీద ఆగి, డ్రైవరు దిగి చూశాడట. పూర్ణిమ లాకు రాయి నుంచి ఇరవై మీటర్ల గొలుసు లెక్కన పందొమ్మిది వందల ఎనిమిది మీటర్ల దగ్గర రోవర్ నిలబెట్టి, సున్నంతో ముగ్గులాగా ఒక గుండ్రం గీసింది. అది గోడకి ఆనుకునే ఉంది. నలుగురు పారలు పట్టారు.

అడుగు తవ్వారు, ఏమీ లేదు. రెండడుగులు తవ్వేసరికి నీరు ఊరింది. గోవర్ధనరావు తన పొలం నుంచే మోటారు తెప్పించి నీళ్ళు తోడించాడు. మూడడుగులు, నాలుగడుగులు. జిగటమన్ను తప్ప ఒక్క పెంకు ముక్క లేదు. జనంలో గుసగుసలు బయలుదేరాయి. ముసలాడికి మతి తప్పిందని ఎవరో అన్నారు. సాల్మన్ రాజు దగ్గరికొచ్చి, "యాకోబన్నా, చాల్లే. దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా జరుగుతుంది" అన్నాడు.

యాకోబు తన కుడిచేతి వేళ్ళ వంక చూసుకున్నాడు. వేళ్ళు అబద్ధం చెప్పాయా అనుకున్నాడు. నాన్న, రాహేలు కళ్ళ ముందు మెదిలారు. గొయ్యి అంచున గొంతుకూర్చుని మట్టి పొరల్ని చూశాడు. పై నుంచి కిందిదాకా ఒకే రంగు, ఒకే జిగట. అప్పుడు తట్టింది. ఒక్క ఉదుటున గోతిలోకి దిగాడు. అరవై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని గట్టు ఎక్కడానికే వెనకాడే మనిషి.

"ఇదంతా ఆ తర్వాతెప్పుడో పక్కన మురుక్కాలువ తవ్వినప్పుడు ఎత్తిపోసిన మన్నయ్యా! మనం ఇంకా ఆనాటి నేల మీదికే రాలేదు. ఉప్పెన ఇసుక ఏదీ? ఆ ఇసుక తగిలేదాకా తవ్వండి!" అని అరిచాడు.

ఆ మాటకి గుసగుసలన్నీ ఆగిపోయాయి. దివిసీమలో పెద్దవాళ్ళందరికీ ఆ ఇసుక తెలుసు. సముద్రం ఊళ్ళ మీదికొచ్చి పోతూ పోతూ వదిలేసిన ఇసుక అది. మరో అడుగున్నర తవ్వేసరికి పార గరగరమంది. బెత్తెడు మందాన తెల్లటి పొర, అందులో చిన్న చిన్న గవ్వలు. ఒడ్డున ఉన్న ముసలమ్మ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోవర్ధనరావు ఎందుకో చెప్పులు విడిచాడు.

యాకోబు మాత్రం ఇసుకని చేత్తో తుడుచుకుంటూ పోతున్నాడు. గొయ్యి అంతటా పరుచుకున్న ఇసుక, ఒక పక్కన మూరెడు మేర తెగిపోయింది. అక్కడ ఇసుక లేదు, నల్లమన్నుంది. అంటే ఉప్పెన పోయాక ఎవరో అక్కడ తవ్వారు. ఆ నల్లమన్నులో చెయ్యి దూర్చాడు. మోచేతిదాకా దూర్చాడు. ముందు ఒక కుండపెంకు వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత పిడికిలి బిగించి పైకి తీసి, పూర్ణిమ ముఖం ముందు విప్పాడు.

బొగ్గులు! నిన్న పొయ్యిలోంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి.

ఆ కేక బందరుదాకా వినిపించిందని పల్లెలో చెప్పుకుంటారు. బందరు సంగతి ఏమోగానీ రోడ్డు మీది బస్సు హారను మోగించిన మాట నిజం. కుర్రాళ్ళు యాకోబును గోతిలోంచి ఎత్తి భుజాల మీదికెక్కించుకున్నారు. "దింపండ్రా, ఇంకా రీడింగు తియ్యలేదు!" అని ఆయన తిడుతున్నాడు. పూర్ణిమ రోవర్ కర్ర తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. బొగ్గుల మధ్యన కర్ర ఆనించి, యాకోబు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తెర మీద అంకె పడింది. లెక్కకీ బొగ్గుకీ తేడా నలభై సెంటీమీటర్లు.

"రెండు కిలోమీటర్లకి మూరెడు తేడానా! బురదలో, కళ్ళు మూసుకుని, చేత్తో తడిమి!" అంది పూర్ణిమ. ఆ అమ్మాయి కళ్ళు చెమర్చాయి.

"ఎండకి గొలుసు సాగి ఉంటుందండి. నాది తప్పు కాదు" అన్నాడు యాకోబు. అంతలోనే, "మేడమ్‌గారూ, ఇప్పుడీ బొగ్గుల నించి ఈ హద్దుకి రెండో కొసన రోడ్డు పక్కనున్న రాయిదాకా గీత వెయ్యండి. మా గోడ మూల ఎటుందో కూడా చెప్పండి" అన్నాడు.

"అది ఎవరూ అడగలేదు కదండీ."

"నేనడుగుతున్నా."

గీత పడింది. మూడు వరసలూ తోటలోనే ఉన్నాయి, చుక్క తేడా లేదు. గోడ మాత్రం రోడ్డు వైపు మూల దగ్గర పొలంలోకి అడుగు పది అంగుళాలు జరిగి ఉంది. సాల్మన్ రాజు తల దించుకున్నాడు. యాకోబు గోవర్ధనరావు ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"మీ అనుమానం నిజమేనండి. ఆ గోడకి తాడు పట్టింది నేనే. అప్పటికి కళ్ళకి శుక్లాలు, ఆపరేషను కాలేదు, ఒప్పుకోడానికి సిగ్గేసి, కనపడుతున్నట్టే పట్టాను. తప్పు నాది."

"అడుగున్నరకి ఏముంది, ఉంచేసుకోండి. ఇంత జరిగాక నేను అడుగుతానా?" అన్నాడు గోవర్ధనరావు.

"అట్టా కుదరదండి. మా వైపు ముప్పై ఆరడుగులు నిజమైతే, మీ వైపు అడుగు పది అంగుళాలూ నిజమే. గొలుసు ఒక పక్కకే లాగితే అది కొలతెందుకవుతుంది?"

పలుగు తెమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. జనంలో ఉన్న దయామణి ఇంటికెళ్ళి పలుగు మోసుకొచ్చి ఆయన చేతికిచ్చింది. మొదటి దెబ్బ యాకోబు వేశాడు. రెండో దెబ్బకి సాల్మన్ రాజు చెయ్యి కలిపాడు. ఆ తర్వాత పల్లె మొత్తం కలిసింది. సాయంత్రానికి మూల కూలింది. మర్నాడు గోవర్ధనరావు ట్రాక్టరు వేసుకొచ్చి, కొత్త గోడకి ఇటుకలు దింపించి, "యాకోబుగారూ, తాడు ఈసారి ఆ అమ్మాయి చేత పట్టించండి" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువగా నవ్వింది యాకోబే.

మూడు వారాలకి ఖాయమైన మ్యాపు సచివాలయం గోడకి అంటించారు. యాకోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దయామణిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. పాత మ్యాపుల్లో ఆ తోట లేదు, ఏదో ఒక పొలం నెంబరులో కలిసిపోయి ఉండేది. ఆయనే ఎన్నోసార్లు దాని మీంచి గొలుసు లాగాడు, ఒక్కసారీ కాగితం మీద చూడలేదు. ఇప్పుడు దానికంటూ ఒక గీత ఉంది, ఒక నెంబరు ఉంది, లోపల 'క్రైస్తవుల శ్మశానం' అని అక్షరాలున్నాయి. పొలం వైపున్న మూడు వరసల్నీ పూర్ణిమ సన్నటి గీతలతో విడిగా చూపించింది.

యాకోబు జేబులోంచి స్కేలు తీసి మ్యాపు మీద ఆనించాడు. పెదాలు కదుపుతూ రెండుసార్లు కొలుచుకున్నాడు.

"సరిపోయిందా?" అంది దయామణి.

ఆయన స్కేలు జేబులో పెట్టుకున్నాడు. మొదటి వరస మీద వేలు పెట్టి, అటుగా పోతున్న గుమాస్తాని ఆపాడు. ఎవరో ఏమిటో తెలియని ఆ మనిషితో, ఊరంతా వినేంత గొంతుతో, "మా చెల్లెలండి. రాహేలు. ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు.